మొదటి ఇల్లు కొన్నాం, కార్తీకం వానలకు పెచ్చులూడుతున్నాయి. ముందు ఏ పని చేయించాలి?

వేదాయపాలెం టీచర్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. మాది నెల్లూరు. నేను ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తాను, మా ఆయనది కృష్ణపట్నం పోర్టులో కాంట్రాక్టు ఉద్యోగం. పెళ్ళయిన 14 ఏళ్ళకు, ఈ మే నెలలో మొదటిసారి సొంత ఇల్లు కొనుక్కున్నాం. ఆరు నెలలు తిరగకముందే ఏం చెయ్యాలో తోచక ఇక్కడ రాస్తున్నాను. కాస్త పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ఇంతకుముందు పొర్లుకట్ట దగ్గర బాడుగకు ఉండేవాళ్ళం. 2021 నవంబరులో సోమశిల నుంచి నీళ్ళు వదిలినప్పుడు పెన్న మా ఇంట్లోకి వచ్చేసింది. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయిన రోజులవి. పిల్లలిద్దర్నీ చెరొకరం ఎత్తుకొని మోకాళ్ళలోతు నీళ్ళల్లో బయటపడ్డాం. బియ్యం, పుస్తకాలు, నా కుట్టుమిషను అన్నీ పోయినాయి. చిన్నదైనా పర్లేదు, ఏటికి దూరంగా మనదంటూ ఒక ఇల్లుండాలని అప్పుడే అనుకున్నాం.

వేదాయపాలెంలో 18 అంకణాల ఇల్లు దొరికింది. బయటి ఊళ్ళవాళ్ళకు చెప్తున్నా, మా నెల్లూరులో అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే ఇది 144 గజాలు. రెండు పడగ్గదులు, హాలు, వంటిల్లు, పైన ఖాళీ మిద్దె. కట్టి 24 ఏళ్ళు. 42 లక్షలకు కుదిరింది. 30 లక్షలు లోను, నెలకు 26 వేల పైచిలుకు కంతు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం చొప్పున 3 లక్షల 15 వేలయింది. దానికి బ్యాంకు అప్పు ఇవ్వదు కాబట్టి మా అమ్మ పెట్టిన రెండుపేటల గొలుసు తాకట్టుకు పోయింది. ఇప్పుడు చేతిలో ఉన్నది 3 లక్షల 40 వేలు. అంతకు మించి ఒక్క రూపాయి పుట్టదు.

మేలో చూసినప్పుడు ఇల్లు అద్దంలా ఉండింది. కొత్త పుట్టీ, లేత పసుపు రంగు. రోహిణి కార్తె ఎండకు గోడలన్నీ వెచ్చగా ఉన్నాయి. మన జిల్లాకు వానలంటేనే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. పుట్టి పెరిగిన ఊళ్ళో ఆ సంగతి తెలిసి కూడా ఎండాకాలంలో చూసి బయానా ఇచ్చేశాం.

అక్టోబరు చివర్లో మూడు రోజులు ముసురు పట్టింది. రెండోరోజు హాలు గోడకు కింద పుట్టీ అప్పడంలా ఉబ్బింది. వేలితో నొక్కితే పగిలి లోపల్నుంచి తెల్లటి పొడి రాలింది. నాలుకకు తగిలించి చూశాను, ఉప్పు. ఇప్పుడు ఆ చెమ్మ నడుమెత్తు దాకా వచ్చింది. గడప ముందు మాకు కనిపించేది ఒకటే మెట్టు. పక్కింటి పెద్దాయన చెప్పాడు, కట్టినప్పుడు మూడు మెట్లుండేవట, రోడ్డు మీద రోడ్డు వేసి రెండు మెట్లు భూమిలో కలిసిపోయినాయట.

మూడోరోజు తెల్లారుజామున పిల్లల గదిలో పెద్ద శబ్దం. దోసె పెనమంత పెచ్చు ఊడి మా పెద్దదాని దిండుకు జానెడు దూరంలో పడింది. నైరుతి మూల గది అది. పెచ్చును తిప్పి చూస్తే అడుగున చువ్వ అచ్చు గాడిలా పడి ఉంది, ఆ గాడి నిండా ఎర్రటి తుప్పు. దాన్ని దాచిపెట్టి, వచ్చిన మేస్త్రికల్లా చూపిస్తున్నాను. ఆరోజు నుంచి పిల్లలు హాల్లో పడుకుంటున్నారు. పైకి చూడకుండా చిన్నదానికి నిద్ర పట్టడం లేదు.

ముగ్గురు వచ్చి చూశారు. ఒకాయన ఇల్లు పడగొట్టి కట్టుకోమన్నాడు, 25 లక్షలవుతుందట. రెండో ఆయన మిద్దె మీద కెమికల్ కొడతాను, 60 వేలు, పదేళ్ళు గ్యారంటీ అన్నాడు. లోపలికొచ్చి పెచ్చూడిన చోటు చూడను కూడా లేదు. మూడో ఆయన మిద్దె మీద రేకుల షెడ్డు వేస్తే వాన చుక్క పడదు, లక్షా 80 వేలు అన్నాడు. మా అత్తయ్య వాస్తు చూపించమంటున్నారు. మా ఆయన ఏం మాట్లాడటం లేదు, అది నాకు ఇంకా భయంగా ఉంది.

అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే "చూసుకొనే కొన్నారు కదా" అన్నారు.

ఇంకో చిన్న సంగతి. మొన్నటి నుంచి హాల్లో ఫ్యాను స్విచ్చు వేస్తుంటే చెయ్యి జివ్వుమంటోంది. చెమ్మ వల్లనేమోనని చెప్పులేసుకొని వేస్తున్నాం.

ఉన్న డబ్బుతో ముందు ఏది చేయించాలి? ఇల్లు నిజంగా పడగొట్టాల్సిందేనా?

పొదిలి కరెంటు పనివాడు:

అక్కా, మిగతావన్నీ తర్వాత. చివర్లో చిన్న సంగతని రాశారే, ముందు దాన్ని చూడండి. ఇది చదవంగానే మెయిన్ ఆపి, హాలుకు పోయే ఫ్యూజు పీకెయ్యండి. చెప్పులేసుకొని స్విచ్చు వెయ్యటం మానండి. పిల్లల్ని ఆ గోడకు ఆనుకొని పడుకోనియ్యమాకండి. తడిసిన గోడలో తీగ పైపూత చెడి కరెంటు గోడకు పాకుతుంటది. ఇయ్యాల జివ్వుమన్నది రేపు పట్టుకుంటది. నేను ఈ పనిలో 16 ఏళ్ళ నుంచి ఉన్నా, పొదిలి, కనిగిరి పక్కన రెండిళ్ళల్లో ఏం జరిగిందో కళ్ళారా చూసినా కాబట్టి గట్టిగా చెప్తున్నా.

కరెంటాయన్ని పిలిచి మూడు చూపించుకోండి. ఒకటి, పక్కదారి పట్టిన కరెంటును భూమిలోకి దింపే ఎర్తు గుంత అసలుందా లేదా. పాత ఇళ్ళల్లో సగానికి ఉండదు, ఎర్తు తీగను న్యూట్రల్‌కు ముడేసి పోతారు. అది మహా ప్రమాదం. రెండు, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించండి. కరెంటు కాస్త పక్కదారి పట్టినా కన్ను మూసి తెరిచేలోగా సరఫరా ఆపేస్తది. ఎంసీబీ ఉంది కదా చాలంటారు కొందరు, వినమాకండి. ఎంసీబీ లోడు ఎక్కువైతే పడుద్ది, మనిషికి షాకు కొడితే పడదు. మూడు, తడి గోడలో బోర్డును అట్టాగే ఉంచమాకండి. ఆరిన గోడ మీదికి, నాలుగడుగుల పైకి మార్పించండి.

తీగలు కూడా మార్చాల్సి వస్తే లైట్లకు ఒకటిన్నర ఎంఎం, ప్లగ్గులకు రెండున్నర, ఏసీకి, గీజరుకు నాలుగు. ఇప్పుడు ఏసీ లేకపోయినా ఆ లైను లాగించి పెట్టుకోండి, మళ్ళీ గోడలు చెక్కే పనుండదు.

స్లాబు సంగతి ఇంజినీర్లు చెప్పాలి. నా లెక్కలో మాత్రం మొదటి రూపాయి కరెంటుకే.

కావలి రిటైర్డ్ ఏఈ:

పొదిలి తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. అది ఈరోజే చేయండి. మిగతాది నేను రాస్తాను, అసిస్టెంట్ ఇంజినీరుగా ముప్పై ఏళ్ళు ఇదే పని చేశాను.

అమ్మా, ముందు ధైర్యంగా ఉండండి. మీరు రాసినదాన్ని బట్టి మీ ఇంట్లో ఉన్నది ఒక జబ్బు కాదు, రెండు. హాలు గోడ జబ్బు కింద నుంచి వచ్చింది, పిల్లల గది జబ్బు పై నుంచి వచ్చింది. రెండింటికీ ఒకే మందు అమ్మేవాళ్ళను నమ్మబాకండి.

నైరుతి గది అని రాశారు కదా, అక్కడ నాకో అనుమానం వచ్చింది. మీ నీళ్ళ ట్యాంకు మిద్దె మీద సరిగ్గా ఆ గది పైనే ఉందా? వాస్తు ప్రకారం బరువు నైరుతిలో ఉండాలని మన ఇళ్ళన్నిటికీ అక్కడే పెడతారు. ట్యాంకు నిండి పొర్లిన నీళ్ళు ఎటు పోతున్నాయో మిద్దె ఎక్కి చూడండి. ఓవర్‌ఫ్లో పైపును మిద్దె నీళ్ళు కిందికి దిగే గొట్టం దాకా లాగకుండా ట్యాంకు పక్కనే వదిలేసి ఉంటే, మోటారు వేసిన ప్రతిరోజూ ఆ మూల తడుస్తున్నట్టే. మీది బోరు నీళ్ళయితే, అందులో ఉప్పుంటే, చువ్వకు అంతకన్నా శత్రువు లేదు. కాంక్రీటులో ఉన్నంతకాలం చువ్వ మీద సన్నని రక్షణ పొర ఉంటుంది. ఉప్పు దాన్ని తినేస్తుంది. తుప్పు పట్టిన ఇనుము రెండు మూడింతలు లావెక్కి కింది కాంక్రీటును తోసేస్తుంది. మీరు దాచిన పెచ్చు మీద కనిపించేది అదే.

పడగొట్టాలా అని అడిగారు. మీరే ఒక పని చేయండి. చిన్న సుత్తితో స్లాబు అడుగున అడుగుకొక చోట మెల్లగా కొట్టుకుంటూ పోండి, ఇంట్లో ప్రతి గదిలోనూ. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, లోపల విడిపోయినచోట డొల్లగా పలుకుతుంది. డొల్ల పలికినంత మేర సుద్దముక్కతో గీత గీయండి. కొట్టేటప్పుడు కింద ఎవరూ ఉండకూడదు, మీరు కూడా పక్కకు నిలబడి తలకు హెల్మెట్ పెట్టుకోండి. గీతలు ఆ ఒక్క మూలకే పరిమితమైతే ఇల్లు పడగొట్టమన్నాయన మాట మరిచిపోండి. అన్ని గదుల్లోనూ డొల్ల పలికితే మాత్రం ఇంజినీరును పిలిపించి, కాంక్రీటు ఎంత గట్టిగా ఉందో చెప్పే రీబౌండ్ హ్యామర్ పరీక్ష చేయించండి.

మరమ్మతు ఎట్లా ఉండాలో రాస్తాను, మేస్త్రి ముందు పెట్టి చదవండి. మొదట గదిలో సరుగుడు బాదులు స్లాబుకు ఊతంగా నిలబెట్టాలి. ఆ ఊతం లేకుండా ఎవరు స్లాబు చెక్కబోయినా ఆపించండి. వదులైన కాంక్రీటంతా చెక్కి, చువ్వ వెనక వేలు దూరేంత ఖాళీ చెయ్యాలి. వైరు బ్రష్షుతో ఇనుము మెరిసేదాకా రుద్దాలి. చువ్వ బాగా సన్నబడిందనిపిస్తే పక్కన కొత్త చువ్వ కట్టాలి. తర్వాత తుప్పు ఆపే ప్రైమరు, దాని మీద పాతకూ కొత్తకూ అతుకు కుదిరే పూత, ఆపైన పాలిమర్ కలిపిన మోర్టారు పొరలు పొరలుగా, ఒక్కో పొరకు తడి పెడుతూ. మామూలు సిమెంటు, ఇసుక కలిపి అద్దితే వచ్చే కార్తీకానికి మళ్ళీ దిండు మీద పడుతుంది.

మిద్దె మీద పూత ఇప్పుడు వేయించబాకండి. వాన పోయాక, సంక్రాంతి దాటాక, నాలుగు రోజులు గట్టి ఎండ చూసుకొని చేయించండి. అప్పటిదాకా ఆ మూలకు టార్పాలిన్ పట్ట కప్పి అంచుల మీద ఇటుకలు పెట్టండి. మిద్దె గోడలో రావి మొక్క ఉంటే పైన తుంచి ఊరుకోబాకండి, వేరుతో సహా తీయించాలి. నీళ్ళు గొట్టం వైపు వాలుతున్నాయో లేదో బకెట్టు నీళ్ళు పోసి చూడండి. వాలు లేని మిద్దెకు ఎన్ని కెమికల్సు పూసినా డబ్బు దండగ.

హాలు గోడకు తొందర లేదు. ఆ గోడ చూడ్డానికి వికారంగా ఉంటుందే గానీ ఎవరి మీదా పడదు. ఉబ్బిన పుట్టీ, ప్లాస్టరింగు, చెమ్మ గీతకు పైన ఇంకో అడుగు దాకా చెక్కించి, ఇటుక కనిపించేలా వదిలేయండి. తొమ్మిదంగుళాల గోడ ఆరడానికి నెలలు పడుతుంది. ఎండాకాలమంతా ఆరనిచ్చి అప్పుడు మాట్లాడదాం.

రేకుల షెడ్డు చెడ్డదని అనను. మీ జబ్బుకు మాత్రం అది మందు కాదు. ట్యాంకు షెడ్డు కిందే ఉండి పొర్లుతుంది కదమ్మా.

ఒంగోలు ఇల్లాలు:

అక్కా, మీ పోస్టు చదివి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మాదీ మొదటి ఇల్లే, మంగమూరు రోడ్డు వైపు. మేము కూడా ఎండల్లోనే చూసి కొన్నాం. మాకు స్లాబు బాగానే ఉంది గానీ, మేస్త్రి దగ్గర దెబ్బ తిన్నాం. పనికి ముందే 70 వేలు చేతిలో పెట్టాం. రెండు వారాలు పనిచేసి, బాత్‌రూం సగం తవ్వి వదిలేసి వేరే పనికి పోయాడు. నలభై రోజులు పక్కింటి బాత్‌రూం వాడుకున్నాం. ఆ నలభై రోజులు నేను ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

ఆ తర్వాత వచ్చిన బేల్దారి పెద్దాయనకు పని ఎంతైతే అంత, వారం వారం ఇచ్చాం. సామాను మేమే కొనిచ్చాం. కెమికల్ డబ్బాలు మీ కళ్ళముందే మూత తీయించండి. ఎంత కలపాలో డబ్బా మీదే ఉంటుంది, అది చదివి పక్కన నిలబడండి. స్కూలు ఉంటే మీ ఆయన్నో మామగారినో ఉండమనండి. మగవాళ్ళు మాట్లాడటం లేదని రాశారు. మా ఇంట్లోనూ అంతే అయింది. ఆయన చేతికి ఆ సుత్తి, సుద్దముక్క ఇవ్వండి. మా ఆయన పని మొదలైన రోజు నుంచే మాట్లాడాడు.

ఇంకో విషయం, ఈ హడావుడిలో కాగితాలు మరిచిపోవద్దు. కరెంటు మీటరు, ఇంటిపన్ను, కొళాయి కనెక్షను మూడూ మీ పేరు మీదికి మారాయా? మాకు ఇంటిపన్ను పాతాయన పేరు మీదే రెండేళ్ళు వచ్చింది, పాత బకాయి కూడా మా నెత్తినే పడింది. ఒరిజినల్ దస్తావేజులు బ్యాంకులో ఉంటాయి కాబట్టి లింకు డాక్యుమెంట్లతో, అంటే పాత యజమానుల దస్తావేజులతో సహా అన్నిటికీ జిరాక్సులు ఇంట్లో పెట్టుకోండి.

ఇంకా కొననివాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచి వస్తుంది, మొత్తం తీయించండి. రిజిస్ట్రేషన్ చెయ్యని భూముల జాబితాలో, అంటే 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూడండి. ఇల్లు మాత్రం వానలో చూడండి.

వంటింటి గట్టు మార్చాల్సి వస్తే నాకు చెప్పండి. చీమకుర్తిలో గెలాక్సీ రాయి కోసినప్పుడు మిగిలిన ముక్కలు తక్కువకే ఇస్తారు. మా గట్టు మూడు ముక్కలతో వేశారు, అతుకు ఎక్కడుందో ఎవరికీ కనపడదు.

వేదాయపాలెం టీచర్ (సంక్రాంతి సెలవుల తర్వాత):

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఏం చేశామో చెప్పాలి కదా.

పొదిలి తమ్ముడూ, నీ మాట చదివిన రాత్రే మెయిన్ ఆపేశాం. కొవ్వొత్తులతో గడిపాం. పొద్దున వచ్చిన కరెంటాయన మీటరు దగ్గర నుంచి ఎర్తు తీగ పట్టుకొని వెతుక్కుంటూ పోయాడు. అది గోడలోకి పోయి, జానెడు లోపల తెగిన కొసతో ఆగిపోయింది. గుంతే లేదు. 24 ఏళ్ళు ఆ ఇంట్లో మనుషులు ఎట్లా బతికారో తెలియదు. వాకిట్లో గుంత తీసి పైపు దించి, బొగ్గు, ఉప్పు వేసి పూడ్చారు. ఆర్‌సీసీబీ పెట్టారు. పెట్టిన గంటలోనే పడిపోయింది. హాలు బోర్డు తీగ తడిసి ఉందని అట్లా బయటపడింది. హాలుకూ పిల్లల గదికీ తీగలు మార్చి, బోర్డు ఎదుటి గోడకు పెట్టించాం. అన్నీ కలిపి 78 వేలు.

ఏఈ గారూ, మీరు ఇల్లు చూడకుండానే చెప్పారు. ట్యాంకు అక్కడే ఉంది. ఓవర్‌ఫ్లో పైపు మూరెడు ముక్క, కిందికి వంచి వదిలేశారు. దాని కింద మిద్దె నల్లగా నాచు పట్టి, మధ్యలో తెల్లగా ఉప్పు పొర కట్టింది. గోడ చీలికలో రావి మొక్క కూడా ఉంది. ఒంగోలు చెల్లెలు చెప్పినట్టు సుత్తి మా ఆయన చేతికిచ్చాను. ఒక ఆదివారం పొద్దున్నుంచి నాలుగు గదులూ కొట్టాడు. నేను వెనక నుంచి సుద్ద గీతలు గీశాను. డొల్ల పలికింది నైరుతి మూలలో సుమారు ఆరడుగులకు నాలుగడుగులు, బాత్‌రూం పైన చాటంత. మిగతా ఇల్లంతా ఖంగుమంది. వంటింట్లో చివరి మూల కొట్టి, సుత్తి కింద పెట్టి, "పడగొట్టక్కర్లేదే" అన్నాడు. నెలరోజుల తర్వాత ఆయన నోట విన్న మొదటి పూర్తి మాట అది.

సరుగుడు బాదులు పెట్టించి స్లాబు బాగుచేయించాం. మూడు చువ్వలు సన్నబడి ఉంటే పక్కన కొత్తవి కట్టారు. వదులు కాంక్రీటు చెక్కిన రోజు చూస్తే చువ్వ రేకులు రేకులుగా ఊడి వచ్చింది, వేలితో గోకితే చాలు. సంక్రాంతి దాటాక మిద్దె మీద వాలు సరిచేసి రెండు పూతలు వేశారు. ఓవర్‌ఫ్లో పైపు కింద కాలవ దాకా లాగారు. ఇవన్నీ కలిపి లక్షా 62 వేలు. వారం వారం ఇచ్చాం, సామాను మేమే తెచ్చాం. చేతిలో ఇంకా లక్ష ఉంది.

పిల్లలు మళ్ళీ వాళ్ళ గదిలోకి పోయారు. మంచం మాత్రం వేరే గోడ వైపు జరిపాం, చిన్నది ఒప్పుకోలేదు. ఎర్తు గుంతలో చెంబెడు నీళ్ళు పోసే పని దానికి అప్పజెప్పాను, స్కూలు నుంచి రాగానే పోస్తోంది.

హాలు గోడ ఇటుకలు కనపడేలా చెక్కించి వదిలేశాం. చుట్టాలు చూసి ఏదో అంటున్నారు, పట్టించుకోవడం లేదు. ఏఈ గారూ, ఒక్కటి చెప్పండి. మే నెలలో ఆరాక దానికి సిమెంటు ప్లాస్టరింగు చేయించాలా, సున్నమా? మేస్త్రి సిమెంటే గట్టి అంటున్నాడు.

కావలి రిటైర్డ్ ఏఈ:

చాలా సంతోషమమ్మా. మీ ఆయనకు నా శుభాకాంక్షలు చెప్పండి.

సున్నం పని తెలిసిన మనిషి దొరికితే సున్నమే. అది ఊపిరి పీలుస్తుంది, గోడలో మిగిలిన చెమ్మను బయటికి వదులుతుంది. సిమెంటు గట్టిదే, కానీ దాని వెనక చెమ్మ చిక్కుకొని ఇంకో రెండడుగులు పైకి ఎక్కి బయటపడుతుంది. అంతకన్నా ముందు గోడ అడుగున వరసగా రంధ్రాలు వేసి చెమ్మ ఆపే మందు ఎక్కించాలి, బయటివైపు మన్ను తీసి రోడ్డు నీళ్ళు గోడకు తగలకుండా చిన్న కాలవ కట్టాలి. ఆ రెండూ లేకుండా ఏ ప్లాస్టరింగూ నిలవదు. ఆ లక్ష వాటికి ఉంచండి, రంగులకు ఖర్చు పెట్టబాకండి. ఏప్రిల్ చివర్లో గోడకు అడుగు చదరం ప్లాస్టిక్ కాగితం నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. కాగితం వెనక నీటిబొట్లు కనిపిస్తే ఇంకా ఆరలేదని. ఏం కనిపించిందో ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.